ఆదివారం రికార్డింగుకు ముందు

తిరుపతి,
గురువారం రాత్రి

అమ్మణ్ణీ,

రేపు తెల్లవారుజామున అవ్వను తీసుకుని వేలూరు పోతున్నాము. శనివారం కంటి ఆపరేషన్. కట్టు విప్పేదాకా అక్కడే ఉండమన్నారు. కాబట్టి ఆదివారం టీచరమ్మ పాట రికార్డు చేసే పని మొత్తం నీదే. ఫోనులో చెబితే ఒక ముక్క వినపడి ఒక ముక్క వినపడదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. ఈ కాగితాలు కొత్త కన్వర్టర్ పెట్టెలోనే పెట్టి పోతాను.

టీచరమ్మకు ఎనభై దాటాయి. ఆమె పాడబోయే అన్నమయ్య కీర్తనల్లో కొన్నింటి వరస ఆమె గురువుగారి దగ్గర కూర్చుని నేర్చుకున్నది. ఆ వరసలో ఇంకెవరూ పాడగా నేను వినలేదు. రాగిరేకుల మీద సాహిత్యం ఉంది, రాగం పేరు ఉంది, స్వరం మాత్రం రాయలేదు. అన్నమయ్య 1503లో పోయినాడు. ఆయన పాడిన తీరు చాలా కీర్తనలకు మనదాకా రాలేదు. మాట నిలిచింది, వరస జారిపోయింది. అందుకే ఒక పాత బాణీ మనిషి గొంతులో ఉండగానే పట్టి పెట్టుకోవాలని నా పట్టుదల. ఈ వయసులో ఆమెను "మిషన్ సరిగ్గా లేదమ్మా, ఇంకోసారి పాడండి" అని అడిగే పని రాకూడదు. మన పనంతా ఆమె వచ్చి కూర్చునేలోపే అయిపోవాలి.

కొత్త పెట్టె చేసేది ఏమిటో ముందు మనసులో పెట్టుకో, తక్కినవన్నీ దాన్నుంచే వస్తాయి. ఎనిమిది మైకుల నుంచి వచ్చే కరెంటు అలను ఒక్కొక్కదాన్నీ సెకనుకు 48,000 సార్లు కొలుస్తుంది. ప్రతి కొలతనూ 24 బిట్ల అంకెగా మారుస్తుంది. ఎనిమిదింటినీ కలిపి కాంతి రూపంలో ఒకే సన్నని లైటు కేబుల్లో పంపుతుంది. ఆ పద్ధతినే ఏడాట్ అంటారు. ఆ కేబుల్, శబ్దాన్ని లాప్‌టాప్‌కు చేర్చే మన పాత పెట్టె, అదే ఇంటర్‌ఫేస్, వెనక ఆప్టికల్ ఇన్‌లోకి పోతుంది. అక్కడి నుంచి యూఎస్‌బీలో లాప్‌టాప్‌కు.

ఇక్కడే చాలామందికి పని చెడేది. కన్వర్టర్‌లో ఒక గడియారం ఉంది, ఇంటర్‌ఫేస్‌లో ఇంకొకటి ఉంది. రెండూ 48,000 అనే చూపిస్తాయి. కానీ లోపలి క్వార్ట్జ్ ముక్కలు ఏ రెండూ అచ్చంగా ఒకటిగా నడవవు. లక్షకు రెండు తేడా ఉన్నా చాలు, సెకనుకు దాదాపు ఒక శాంపిల్, అంటే ఒక కొలత, ఎక్కువో తక్కువో అయిపోతుంది. అప్పుడు పాటలో అక్కడక్కడా టిక్కుమని శబ్దం వస్తుంది. భజనలో ఇద్దరు చెరొక తాళం వేస్తే ఏమవుతుందో ఇక్కడా అదే. తాళం ఒకరే వేయాలి, రెండోవాళ్ళు దాన్ని వినాలి. మనం కన్వర్టర్ చేత వేయిద్దాం. దాని ముందు పలకమీద క్లాక్ ఇంటర్నల్‌లో, 48 (అంటే 48,000) దగ్గర పెట్టు. ఇంటర్‌ఫేస్ సెట్టింగుల్లో క్లాక్ సోర్స్‌ను ఇంటర్నల్ నుంచి తీసి ఆప్టికల్ లేదా ఏడాట్ అని ఉన్నదానికి మార్చు. ఏడాట్ కేబుల్లో శబ్దంతో పాటు తాళం కూడా వస్తుంది కాబట్టి వేరే క్లాక్ వైరు అక్కర్లేదు. తాళం కుదిరిందని చెప్పే లాక్ లైటు నిలకడగా వెలగాలి. మిణుకుమిణుకుమంటుంటే అన్నీ ఆపి కేబుల్ చూడు, రెండు పెట్టెల్లోనూ 48 ఉందా చూడు. సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు కూడా 48లోనే తెరవాలి. అది 44.1లో ఉంటే కొన్ని ఇంటర్‌ఫేస్‌లు చెప్పాపెట్టకుండా మారిపోతాయి.

లైటు వెలిగిందని అంతటితో నమ్మవాకు. టీచరమ్మ శ్రుతి పెట్టె ముందుగానే తెప్పించుకో. దాన్ని పది నిమిషాలు ఊరికే మోగనిచ్చి రికార్డు చేసి, హెడ్‌ఫోన్లో విను. ఎడతెగని తంబుర నాదంలో ఒక్క టిక్కు ఉన్నా చెవికి తగులుతుంది. మృదంగం మోగేటప్పుడు అదే టిక్కు దరువులో కలిసిపోతుంది, ఇంటికి వచ్చినాక బయటపడుతుంది. ఈ పరీక్షను మాత్రం ఏ తొందరలోనూ వదిలేయవాకు.

ఆప్టికల్ రంధ్రానికి ఇంకో పేచీ ఉంది. అదే రంధ్రం రెండు ఛానెళ్ళే పంపే ఎస్‌పీడీఐఎఫ్ అనే ఇంకో పద్ధతికీ వాడతారు. సెట్టింగులో అది ఎంచి ఉంటే మన ఎనిమిదీ రావు. కేబుల్ కొసలకు చిన్న ప్లాస్టిక్ టోపీలు ఉంటాయి, తీసి పెట్టు. గట్టిగా మడవవాకు, లోపల ఉన్నది రాగి కాదు, కాంతి పోయే పోగు. కన్వర్టర్ ఆన్‌లో ఉంటే కొసలో ఎర్రగా వెలుగు కనపడుతుంది, కేబుల్ గుండా కాంతి పోతోందో లేదో దాంతోనే తెలిసిపోతుంది.

నువ్వు 96 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకు 96,000 కొలతలతో, చేద్దామన్నావు. వద్దమ్మా. ఆ వేగంలో ఒక్కో ఏడాట్ కేబుల్ నాలుగు ఛానెళ్ళే మోస్తుంది, ఎనిమిదికి రెండు కేబుళ్ళు కావాలి. మన ఇంటర్‌ఫేస్‌కు ఉన్నది ఒకటే దారి. పైగా 48లో 24,000 హెర్ట్జ్ దాకా పట్టుకోవచ్చు, మనిషి చెవి వినేది 20,000 దాకా. ఆ శ్రద్ధ మైకు ఎక్కడ పెట్టాలన్నదాని మీద పెడితే మేలు.

ఛానెళ్ళు ఇట్లా అనుకున్నాను. 1 టీచరమ్మ గొంతు, 2 సహగాత్రం, 3 వయొలిన్, 4 మృదంగం కుడి, 5 మృదంగం ఎడమ, 6 ఘటం, 7, 8 హాలు మైకులు. శ్రుతి పెట్టె నుంచి నేరుగా ఇంటర్‌ఫేస్ మొదటి ఇన్‌పుట్‌కు వైరు. ఇంటర్‌ఫేస్‌కు సొంతంగా రెండు ఇన్‌పుట్లు ఉన్నాయి కదా, అందుకని కన్వర్టర్ 1 సాఫ్ట్‌వేర్‌లో 3గా కనపడుతుంది, 8 వచ్చి 10 అవుతుంది. ట్రాకులకు ముందే పేర్లు రాసి పెట్టు. తర్వాత ఒక్కొక్క మైకు దగ్గరికి పోయి దాని పేరు పలుకు, ఏ ట్రాకు కదులుతోందో తమ్ముణ్ణి చూడమను. మైకును వేలితో కొట్టవాకు.

వయొలిన్ ఆయన తన పికప్ తెచ్చుకుంటే లైన్ ఇన్‌పుట్ అడుగుతాడు. ఆయన్ను నొప్పించకుండా పికప్ కూడా తీసుకో, దానికి ఇంటర్‌ఫేస్ రెండో ఇన్‌పుట్ ఖాళీగా ఉంది. కానీ మైకు తీసేయవాకు. పికప్‌లో తీగ వినపడుతుంది, వయొలిన్ చెక్క నాదం వినపడదు.

మైకు వైరులోనే పోయే 48 వోల్టుల ఫాంటమ్ కరెంటు, అది అవసరమయ్యే కండెన్సర్ మైకులకు మాత్రమే. వైరు పెట్టినాక వెయ్యి, తీసేముందు ఆపి కాసేపు ఆగు.

ఇప్పుడు లెవెల్. ఇది నిదానంగా చదువు. పాత 16 బిట్ల రోజుల్లో అతి చిన్న శబ్దానికీ అతి పెద్ద శబ్దానికీ మధ్య లెక్కకు 96 డెసిబెల్సే ఉండేవి, అందుకని మీటరు పైదాకా తోసి రికార్డు చేయడం అలవాటైంది. 24 బిట్లకు లెక్క 144. మంచి పెట్టెల్లో నిజంగా చేతికి వచ్చేది 110 నుంచి 120. ఆ హాల్లో ఫ్యాను చప్పుడే కన్వర్టర్ చప్పుడు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి తక్కువలో రికార్డు చేస్తే పోయేది ఏమీ లేదు. మీటరులో అన్నిటికన్నా పై గీత సున్నా, అది దాటితే మాత్రం పోయింది పోయినట్టే. సున్నా పైన అంకెలు లేవు, అల తల తెగిపోతుంది. ఇంకో సంగతి, లాప్‌టాప్‌లో శబ్దం తగ్గించే ఫేడర్ దించితే ఆ తెగింది అతుక్కోదు. మైకు శబ్దాన్ని పెంచే గెయిన్ గుండీ శబ్దం అంకెగా మారకముందు ఉంది, ఫేడర్ మారిన తర్వాత ఉంది. ఎర్ర లైటు కన్వర్టర్ మీద వెలిగితే చెయ్యి పోవాల్సింది గుండీ మీదికే.

గొంతు మామూలుగా మైనస్ 20 దగ్గర ఆడాలి, ఎంత ఎత్తుకున్నా మైనస్ 10 దాటకూడదు. టీచరమ్మ తారస్థాయిలో మైకు దగ్గరికి వంగుతుంది, అది ఆమె అలవాటు. దానికి చోటు వదులు. మృదంగానికి ఇంకా ఎక్కువ చోటు కావాలి. ఎడమ మూతికి రవ్వ ముద్ద అద్దకముందు లెవెల్ పెట్టవాకు, అద్దినాక శబ్దమే మారిపోతుంది. అద్దిన తర్వాత, పాట ఆగి దరువులే మోగే తని గుర్తుచేస్తూ, "అన్నా, తనిలో చివరి తీర్మానం ఎట్లా వాయిస్తావో అట్లా ఒకసారి వాయించు" అని అడుగు. అప్పుడు కూడా మైనస్ 15 దగ్గరే ఆపు. సరిచూసేటప్పుడు వాయించే చేతికీ, తనిలో వేడెక్కిన చేతికీ చాలా తేడా. మొదటి కీర్తన మొదలైనాక గుండీలు ముట్టుకోవాకు. ఒకే కీర్తన మధ్యలో గొంతు పెరిగి తగ్గితే తర్వాత సరిచేయడం చాలా కష్టం.

కరెంటు గురించి. కన్వర్టర్, ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్ మూడూ ఒకే ప్లగ్గు నుంచి వచ్చే ఒకే బోర్డులో పెట్టు. వేరే వేరే గోడల నుంచి తీసుకుంటే ఎర్త్ సుడి తిరిగి 50 హెర్ట్జ్ హమ్ వస్తుంది. లైటు కేబుల్లో కరెంటు పోదు కాబట్టి దాని గుండా హమ్ రాదు, వస్తే మైకు వైర్ల వైపో శ్రుతి పెట్టె వైపో వెతుకు. హమ్ పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ను పీకమంటే వినవాకు. మైకు పట్టుకునేది మనుషులు. ఆ హాలు ఇన్వర్టర్ మీద కూడా పెట్టవాకు, అది స్క్వేర్ వేవ్‌ది, జుయ్యిమంటుంది. మన యూపీఎస్ తీసుకుపో. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉందని ధైర్యపడవాకు. కరెంటు పోయి కన్వర్టర్ ఆగితే తాళం ఆగిపోతుంది, లాప్‌టాప్ బతికి ఉండీ లాభం లేదు. కన్వర్టర్ పైన చేతి మందం ఖాళీ వదులు. మన ఎండలకు అది బాగా వేడెక్కుతుంది, పైన తువ్వాలు గానీ ప్లేట్లు గానీ ఎవరినీ పెట్టనివ్వవాకు.

లాప్‌టాప్ ఒక్కసారికి ఎన్ని కొలతలు అందుకోవాలో చెప్పే బఫర్ 1024 పెట్టు. ఎవరికీ హెడ్‌ఫోన్లు ఇవ్వడం లేదు కాబట్టి ఆలస్యంతో మనకు పనిలేదు, తడబాటు లేకపోవడం ముఖ్యం. ఒక్కో ఛానెల్ నిమిషానికి దాదాపు 8.6 ఎంబీ తింటుంది. పది ట్రాకులు మూడు గంటలంటే 16 జీబీకి కాస్త తక్కువ, కాబట్టి 50 జీబీ ఖాళీ ఉంటేనే మొదలుపెట్టు. ఏ ట్రాకుకు ఆ ఫైలు విడిగా రాయించు. ఎనిమిదీ కలిపి ఒకే వేవ్ ఫైలుగా రాయిస్తే గంట దాటీ దాటగానే 4 జీబీ హద్దు తగులుతుంది. ఆ ఫైలు పద్ధతిలో సైజు రాసుకునే గడి అంతకు మించి పట్టదు.

హాలు కేటీ రోడ్డు పక్క సందులో ఉంది, తొమ్మిది దాటితే హారన్లు మొదలవుతాయి. ఆరున్నరకే పాట మొదలుపెడదామని టీచరమ్మే అన్నారు. నువ్వు శనివారం సాయంత్రమే పోయి అన్నీ పరిచి, శ్రుతి పరీక్ష చేసి, హాలు తలుపుకు తాళం వేసుకుని రా. పొద్దున ఐదున్నరకు మళ్ళీ అదే వరసలో ఆన్ చెయ్యి. ముందు కన్వర్టర్, తర్వాత ఇంటర్‌ఫేస్, లాప్‌టాప్, చివర స్పీకర్లు. ఆపేటప్పుడు ముందు స్పీకర్లు.

టీచరమ్మ లేచినాక ఏ వైరూ పీకకముందే రెండు హార్డ్ డిస్కులకు కాపీ చెయ్యి, ఒక్కో ఫైలు తెరిచి మొదలు, నడుమ, చివర విను. ఒక డిస్కు నీ సంచిలో, ఇంకొకటి తమ్ముడి దగ్గర. వాళ్ళ మనవడు పెన్ డ్రైవ్ తెస్తానన్నాడు, గొంతు, తంబుర, హాలు మైకులు మాత్రం కలిపి అప్పటికప్పుడు ఒకటి ఇచ్చి పంపించు. పూర్తి మిక్సింగు నేను వచ్చినాక ఇద్దరం కూర్చుని చేద్దాం. టీచరమ్మకు నా నమస్కారాలు చెప్పు. మధ్యలో తాగడానికి వేడి నీళ్ళు ఫ్లాస్కులో తీసుకుపో, ఆమె చల్లనివి ముట్టరు. శనివారం రాత్రి శ్రుతి పరీక్ష ఎట్లా వచ్చిందో ఫోను చెయ్యి, ఎంత పొద్దుపోయినా మేలుకునే ఉంటాను.

మీ నాయన