ఆడిటోరియం నక్షా ఖాయం చేసే ముందు: సాంస్కృతిక శాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారం.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి లాంటి పట్టణాల్లో ఇకపై కట్టబోయే హాళ్ల గురించి ఈ విన్నపం.

సభల కోసం గీసిన నక్షాలో నాటకం ఇమడదు. సభకు ఓ మైకు, పది కుర్చీలు చాలు. నాటకానికి మాత్రం జనానికి కనబడని జాగ కూడా కావాలి. వేదిక ముందు తెర వెడల్పు 32 అడుగులైతే రెండు పక్కలా తెరచాటు జాగ, అంటే వింగులు, చెరో 16 అడుగులు ఖాళీగా ఉండాలి. అక్కడ మెట్లో, ఏసీ గొట్టాలో పెట్టేస్తే రెండో అంకం సెట్టు దాచుకునే చోటుండదు. సెట్టు మార్చేదాకా దీపాలార్పి ప్రేక్షకులను చీకట్లో కూర్చోబెట్టాల్సి వస్తుంది. వెనక తెరకూ గోడకూ మధ్య 3 అడుగుల దారి వదలాలి. లేకుంటే ఎడమ వింగులోకి వెళ్లిన నటుడు కుడి వింగులోంచి రావాలంటే బయటి వరండా చుట్టి పరుగెత్తాలి.

నేల సంగతి గట్టిగానే చెబుతున్నాం. కరీంనగర్ గ్రానైటు మనకు గర్వకారణమే, కానీ దయచేసి వేదిక మీద పరిపించకండి. మెరిసే రాయి పైనుంచి పడ్డ వెలుగును వెనక తెర మీదికి తిరగ్గొడుతుంది, చీకటి సన్నివేశం చీకటిగా మిగలదు. సెట్టు పలకను ఆపే ఆనుడు కర్రకు మేకు దిగదు, ఇసుక మూటలే దిక్కు. గజ్జె కట్టి గంటల తరబడి ఆడేవాళ్ల మోకాళ్లు దెబ్బతింటాయి. చెక్క దూలాల మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ రెండు పొరలు, పైన మెరుపులేని నల్లరంగు చాలు. పాడైన పలక ఒక్కటే మార్చుకోవచ్చు.

ఒగ్గుకథకూ, చిందు యక్షగానానికీ జనం మూడు పక్కలా కూర్చుంటేనే కళ. అందుకని ముందు మూడు వరుసల కుర్చీలు తీసేసే వీలుండాలి. ఆ చోట వేదికను 8 అడుగులు ముందుకు పెంచే విడి బల్లలు ఇప్పించండి.

ఇక హాలు పరిమాణం. నాట్యశాస్త్రం మధ్యమ నాట్యగృహానికి 64 మూరల పొడవు, 32 మూరల వెడల్పు చెప్పి, అందులో సగం రంగానికీ (వేదికకూ), నేపథ్యానికీ (తెర వెనక చోటుకూ) ఇచ్చింది. అంతకు మించితే మాట స్పష్టంగా వినపడదని, ముఖంలో భావం కనపడదని కారణమూ చెప్పింది. చిన్న పట్టణానికి 400 కుర్చీలు సరిపోతాయి. మిగిలే డబ్బు వేదికకు పెట్టండి.

వెయ్యి వాట్ల దీపాలు 30 వెలిగిస్తే 30 కిలోవాట్లు, త్రీఫేజు కరెంటు లేనిదే కుదరదు. మైకుల లైను వేరుగా లాగకపోతే దీపాల వెలుగు పెంచి తగ్గించే డిమ్మర్ల గీమనే శబ్దం స్పీకర్లలోకి వస్తుంది.

పునాది తీయకముందే నక్షాను సెట్టు, లైటింగు పని తెలిసినవాళ్లకు చూపించమని ఆదేశించండి. సెట్టు దింపే వెనక తలుపు 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉందో లేదో ముందుగా వాళ్లే చూస్తారు.

ఇట్లు,
ఓరుగల్లు రంగాలంకరణ, లైటింగ్ పనివారు