డ్రైవర్ల వైద్య పరీక్ష పేరుకే మిగలరాదు

సంపాదకులకు,

అయ్యా,

నేను విజయవాడ ఆటోనగర్‌లో 26 ఏళ్లుగా లారీలనే నమ్ముకుని బతుకుతున్నాను. మొదటి పన్నెండేళ్లు స్వయంగా స్టీరింగ్ పట్టాను, ఇప్పుడు నాకు రెండు లారీలున్నాయి. గత నెలలో మా డ్రైవర్ ఒకరిని ఒక సంస్థ వారు లోడింగ్ గేటు దగ్గరే ఆపి, తూకం చూసి, 94 కిలోలు ఉన్నాడన్న ఒక్క కారణంతో వెనక్కి పంపారు. అయిదడుగుల ఆరంగుళాల మనిషికి ఆ బరువు ఎక్కువేనని ఒప్పుకుంటాను. ఎత్తునూ బరువునూ కలిపి లెక్కించే బీఎంఐ అతనికి 33 దాటుతుంది, మన దేశంలో వైద్యులు 25 నుంచే స్థూలకాయంగా పరిగణిస్తున్నారు. కానీ అతని రక్తపోటు ఎంతో, చక్కెర ఎంతో, రాత్రి నిద్ర ఎలా పడుతోందో అక్కడ ఎవరూ అడగలేదు. అదే వారంలో 58 కిలోల మరో డ్రైవర్ ఏ అడ్డూ లేకుండా లోడుతో వెళ్లాడు. తర్వాత కాలి పుండు ఎంతకీ మానక ఆస్పత్రికి వెళితే, మధుమేహం ఏళ్ల తరబడి ఉందనీ చూపు కూడా దెబ్బతిన్నదనీ తేలింది.

రవాణా వాహనం నడిపే లైసెన్సుకు డాక్టరు సంతకం చేసిన ఫారం 1-ఎ ఇవ్వాలి. చట్టానికి 2019లో చేసిన సవరణతో ఆ లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. పాతిక మీటర్ల దూరం నుంచి నంబరు ప్లేటు చదవగలడా, హారన్ వినిపిస్తుందా, రేచీకటి ఉందా, కాళ్లూ చేతులూ సరిగా ఉన్నాయా అనే ప్రశ్నలు ముఖ్యంగా అందులో ఉంటాయి. అవన్నీ అవసరమైనవే. అయితే నేను డ్రైవరుగా ఉన్న రోజుల్లో ఆ కాగితం కోసం వెళ్లినప్పుడల్లా డాక్టరు నన్ను తాకి చూడలేదు. డబ్బు కట్టి, ముద్ర వేయించుకుని వచ్చేశాను. అది తప్పని అప్పట్లో నాకు తోచనైనా లేదు.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది స్లీప్ ఆప్నియా అనే నిద్ర జబ్బు. నిద్రలో గొంతు కండరాలు సడలి శ్వాస దారి మూసుకుపోతుంది, పది సెకన్లకు పైగా ఊపిరి ఆగుతుంది, మనిషి ఉలిక్కిపడి మళ్లీ గాలి పీలుస్తాడు. తీవ్రంగా ఉన్నవారికి ఇలా గంటకు ముప్పై సార్లకు పైగా జరుగుతుంది. రాత్రంతా పడుకున్నాననే అతను అనుకుంటాడు, మధ్యాహ్నం చిలకలూరిపేట దాటేసరికి స్టీరింగ్ మీదే కునుకు పడుతుంది. మెడ చుట్టూ కొవ్వు చేరినవారికి ఈ ముప్పు ఎక్కువ, చిన్న దవడ ఉన్న సన్నటివారికీ వస్తుంది. అందుచేత బరువునూ మెడ కొలతనూ చూసి నిద్ర పరీక్షకు పంపాలే గాని, వాటిని బట్టి పని తీసేయకూడదు. అమెరికాలో లారీ డ్రైవర్లను ప్రభుత్వ జాబితాలో నమోదైన వైద్య పరీక్షకులే, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లకోసారి చూస్తారు. రక్తపోటు ఎక్కువగా ఉంటే సర్టిఫికెట్ గడువు తగ్గిస్తారు. అక్కడి సమాఖ్య నిబంధనల్లోనూ బరువుకు హద్దు లేదు.

ఇంతకీ ఆ బరువు ఎలా వచ్చిందో కూడా చూడాలి. గుంటూరు మిర్చి యార్డులో లోడు కోసం పగలంతా కాచుకుని, చీకటి పడ్డాక బయలుదేరి, అర్ధరాత్రి దాబాలో దొరికింది తిని, తెల్లవార్లూ కదలకుండా కూర్చుని నడిపేవాడి ఒళ్లు ఎలా ఉంటుంది? 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం మామూలుగా రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టింది. ఒక్క డ్రైవరుతో బండి పంపే మా యజమానుల్లో దాన్ని పాటించినవారు నాకు తెలిసి అరుదు. నేనూ పాటించలేదు.

రవాణా శాఖ, వైద్య ఆరోగ్య శాఖ కలిసి ఆటోనగర్‌లోనూ మిర్చి యార్డులోనూ ఉచిత పరీక్ష కేంద్రాలు తెరవాలని, రక్తపోటు, చక్కెర, కళ్లు, నిద్ర నాలుగూ అక్కడ చూడాలని కోరుతున్నాను. జబ్బు బయటపడితే లైసెన్సు పోతుందన్న భయం ఉన్నంతకాలం ఏ డ్రైవరూ నిజం చెప్పడు. కనుక ముందు చికిత్స చేయించి, అదుపులోకి వచ్చేదాకా తక్కువ గడువుతో సర్టిఫికెట్ ఇచ్చి, బండి ఎక్కకూడదన్న రోజులకు జీతంలో కొంతైనా యజమాని చేత ఇప్పించాలి. ఆ భారం మోయడానికి నేను సిద్ధం.

గేటు నుంచి తిరిగి వచ్చిన మా డ్రైవర్‌కు రక్తపోటు మందులు మొదలయ్యాయి, నిద్ర పరీక్ష వచ్చే వారం ఉంది. ఫలితం ఏదైనా అతని పని ఎక్కడికీ పోదని అతని భార్యకు మాట ఇచ్చాను.

ఇట్లు,
ఒక లారీ యజమాని,
ఆటోనగర్, విజయవాడ