అంగూఠీ కాదు, అంగీఠీ: లక్నోలో మమ్మల్ని కాచినవారికి కృతజ్ఞతలు

హైదరాబాదుకు తిరిగి వచ్చి పదిహేను రోజులైంది. అట్టపెట్టెలు ఇంకా నాలుగు విప్పాలి. వాటిలో ఒకదాంట్లో నాలుగు కిలోల దూదితో కుట్టించిన రజాయీ ఉంది. ఈ ఊళ్లో దానితో పనేముందని మావారు రోజూ అడుగుతున్నారు. ఆ పెట్టె మీదే కూర్చుని ఇది రాస్తున్నాను. లక్నోలో 19 నెలలపాటు మా మంచిచెడ్డలు చూసినవారిలో దాదాపు ఎవరికీ తెలుగు రాదు. వాళ్లతో చెప్పుకోవలసింది నా వచ్చీరాని హిందీలో చెప్పుకొనే వచ్చాను. అయినా మనవాళ్లందరికీ తెలిసేలా ఒకసారి చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో అధికారిని. 2023 నవంబరులో లక్నోకు బదిలీ అయింది. మావారి ఉద్యోగం ఇక్కడే కాబట్టి అమ్మనూ, ఏడేళ్ల బాబునూ వెంటబెట్టుకుని వెళ్లాను. భాష గురించి నాకు దిగులు లేదు. మలక్‌పేటలో పుట్టి పెరిగినదాన్ని, నాకు హిందీ రాకపోవడమేమిటి? చలి గురించీ దిగులు లేదు. హైదరాబాదులో డిసెంబరు తెల్లవారుజామున పాలప్యాకెట్లకు వెళ్లినదాన్నే కదా అనుకున్నాను. రెండు లెక్కలూ తప్పాయి. మొదటిది వారంలో తెలిసింది, రెండోదానికి నెలన్నర పట్టింది.

మొదటి వారంలోనే ఒక పెద్దాయన కౌంటరు దగ్గరికి వచ్చి తన చెక్కు సంగతి అడిగారు. "పర్సోం వచ్చిందండీ" అన్నాను. ఆయన గోడమీది క్యాలెండరు వైపు చూసి, "మొన్న ఆదివారం కదమ్మా, బ్యాంకు తెరిచారా?" అన్నారు. హైదరాబాదులో పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయిన నెల కావచ్చు, మా పెళ్లయిన కొత్తలో కూడా కావచ్చు. అక్కడ పర్సోం అంటే లెక్కగా మొన్నే, లేదంటే ఎల్లుండే. టీ తెచ్చిన కుర్రవాడితో, వద్దనడానికి, "నక్కో" అంటే గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మరాఠీ నుంచి దక్కనీలోకి, అంటే మన హైదరాబాదు ఉర్దూలోకి, వచ్చిన ఆ మాట వింధ్య దాటి అంత దూరం వెళ్లలేదు మరి. అవునన్నదానికి నేను "హౌ" అంటే ఆవులిస్తున్నాననుకున్నారు. "కీమత్"ను మనం "ఖీమత్" అంటాం. ఉర్దూ ఉచ్చారణకు పేరుపడ్డ ఊళ్లో ఆ ఒక్క అక్షరానికే నలుగురు తలెత్తి చూసేవారు. వెక్కిరింపు కాదు, సరిగా విన్నామా లేదా అన్న అనుమానం. నాకు మాత్రం చెవులు ఎర్రబడేవి.

అప్పుడు నన్ను ఆదుకున్నది మా హెడ్ క్యాషియరు. రిటైర్మెంటుకు ఏడాది ఉన్న ఆ దీదీ ఒక మధ్యాహ్నం అన్నం డబ్బా విప్పుతూ, "మీరు 'మైఁ' (నేను) అనడం మానేయండి, 'హమ్' (మేము) అనండి, సగం కష్టం తీరుతుంది" అని చెప్పారు. హిందీలో ఆడవాళ్లయితే 'జా రహీ హూఁ', మగవాళ్లయితే 'జా రహా హూఁ' అనాలి. మన తెలుగులో 'వెళ్తున్నాను' అంటే ఎవరైనా వెళ్లవచ్చు. అందుకే నేను తడబడి రోజుకు పదిసార్లు మగవాడినైపోయేదాన్ని. లక్నోలో, ఇంకా తూర్పుకు వెళ్తే మరీనూ, ఒక్కరే ఉన్నా 'హమ్' అంటారు. ఆడవాళ్లు కూడా 'హమ్ జా రహే హైఁ' అంటారు. మొదటిసారి ఒకావిడ అలా అన్నప్పుడు ఆమె వెనక ఇంకెవరు వచ్చారా అని తొంగిచూశాను. ఆ ఒక్క మాటతో నా వ్యాకరణ దోషాలు సగం మాయమయ్యాయి. దీదీ, ఆ మధ్యాహ్నం మీరు పెట్టిన ఆవాల నూనె మిరపకాయ పచ్చడికంటే ఆ సలహాకే ఎక్కువ రుణపడ్డాను.

ఇక చలి. మేము దిగిన ఇంటి యజమానురాలు డెబ్బై దాటిన మనిషి, బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. అందరూ అమ్మాజీ అంటారు. మా అమ్మ మాత్రం మలక్‌పేట అలవాటుకొద్దీ మొదటి రోజే "ఆపా" అని పిలిచింది. ముస్లిం ఇళ్లలో అక్కను పిలిచే పిలుపు అది. కృష్ణుడి పూజ చేసుకునే ఆవిడ ఒక్క క్షణం ఆగి, నవ్వి, ఆ తర్వాత ఆ పిలుపుకే పలికారు.

హైదరాబాదు నుంచి తెచ్చుకున్న మా మెత్తటి రంగురంగుల కంబళ్లను ఆవిడ రెండు వేళ్లతో పట్టి చూసి, "ఇవి నవంబరుకు" అన్నారు. మర్నాడే రజాయీలు కుట్టే ముసలాయన దగ్గరికి మా అమ్మను తీసుకెళ్లారు. దుకాణం వెనక దూది ఏకే విల్లు టంగుటంగుమంటూ మోగుతుంటే అమ్మ గుమ్మంలోనే నిలబడిపోయిందట. నల్లగొండ దగ్గర తన పుట్టింటి వీధిలో దూదేకులాయన వచ్చినప్పుడు చిన్నప్పుడు విన్న చప్పుడే అది. ఆయనది లక్నో వైపు మాట్లాడే అవధీ, అమ్మది దక్కనీ. బేరం గంటసేపు నడిచింది. డబ్బు దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమైందని అమ్మాజీ తర్వాత చెప్పారు. "పైన ఎంత కప్పుకున్నా చాలదు, చలి మంచం కిందనుంచి వస్తుంది" అని ఆయన పరుపులోనూ దూది నింపించాడు. ఈ ముక్క మాకు ఎవరూ చెప్పలేదు. చాచా, మీ రజాయీ మీదే కూర్చున్నాను ఇప్పుడు.

అమ్మాజీ నాకు నేర్పిన మాటల్లో ముందు చెప్పవలసింది 'గలన్'. గలన్ అంటే ఉత్త చలి కాదు. తడిగా ఒంట్లోకి దిగి ఎముకల్లో కూర్చునే చలి. హైదరాబాదు 500 మీటర్లకు పైగా ఎత్తున్న పీఠభూమి, లక్నో 120 మీటర్ల ఎత్తున్న మైదానం. కిందికి దిగాం కాబట్టి వెచ్చగా ఉండాలి కదా అని వాదించే తెలివి నాకుండేది. మన ఊళ్లో రాత్రి 12 డిగ్రీలున్నా పొద్దెక్కేసరికి స్వెట్టరు విప్పేస్తాం. అక్కడ జనవరిలో గోధుమ చేల తేమ, గాలి కదలని రాత్రులు కలిసి పొగమంచు కమ్ముకుంటే మధ్యాహ్నం దాకా, కొన్నిసార్లు రోజంతా సూర్యుడు కనిపించడు. పగలే 13 డిగ్రీలు. గోడలు వేడెక్కవు, ఉతికిన బట్టలు మూడు రోజులకూ ఆరవు. మనది రాత్రి చలి, అక్కడిది పగటి చలి. పొద్దున్నే కిటికీ తెరిచి "ఇవాళ పఛువా వీస్తోంది, పిల్లవాడి చెవులు కప్పు" అనేవారు అమ్మాజీ. పఛువా పడమటి గాలి, పొడిగా ఉండి కోస్తుంది. పుర్వా తూర్పు గాలి, తేమ తెస్తుంది. ఫోనులో చూసిన డిగ్రీలకంటే ఈ రెండు మాటలతోనే మా బాబుకు ఏ పూట ఏం తొడగాలో తెలిసేది.

ఇప్పుడు ఆ రాత్రి సంగతి. ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు తడారుతుంది.

2024 జనవరి. చలికి బడులకు సెలవులిచ్చారు. నేను కాన్పూరులో శిక్షణ తరగతికి వెళ్లి రైల్లో తిరిగి వస్తున్నాను. ఉన్నావ్ దాటాక పొగమంచులో బండి ఆగిపోయింది. రాత్రి తొమ్మిది దాటింది. అమ్మాజీ ఫోను. "బేటా, మీ అమ్మగారు తలుపు తీయడం లేదు. ఎంత కొట్టినా తీయడం లేదు."

వెంటనే అమ్మకు చేశాను. చాలాసేపు మోగాక ఎత్తింది. మాట ముద్దముద్దగా ఉంది. "ఎవడో తలుపు బాదుతున్నాడే. మీ నాన్న ఉంగరం ఇమ్మంటున్నాడు. నేను తీయను."

"ఉంగరం ఏమిటమ్మా?"

"అంగూఠీ, అంగూఠీ అని ఒకటే అరుపు."

ఫోనులోంచి నాకూ ఆ అరుపు వినిపించింది. అది మేడమీది గదిలో అద్దెకుండే కుర్రవాడి గొంతు. బలియా జిల్లా నుంచి వచ్చి పోటీ పరీక్షలకు చదువుతున్నాడు. వాడు అడుగుతున్నది అంగూఠీ కాదు, అంగీఠీ. బొగ్గుల కుంపటి! సాయంత్రం డాబా మీద చలి కాచుకోవడానికి అమ్మాజీ ఇచ్చిన కుంపటి అది. అమ్మకు అది ఎప్పుడూ 'సిగ్డీ'యే, హైదరాబాదులో విన్న మాట. సాయంత్రం దాన్ని రాజేసి పెట్టింది కూడా ఆ కుర్రవాడే. రాత్రి చదువు మధ్యలో బయటికి వచ్చి చూస్తే డాబా మీద కుంపటి లేదు. వాడికి గుండె గుభేలుమంది.

"ఉంగరం కాదమ్మా, కుంపటి! కుంపటి బయట పెట్టమంటున్నాడు! లేచి తలుపు తియ్యి, ఇప్పుడే తియ్యి!" అని రైలు పెట్టె అంతా దద్దరిల్లేలా తెలుగులో అరిచాను. తలుపు గడియ చప్పుడు విన్నాక నేను కూలబడిన సంగతి ఎదుటి సీటులో ఉన్న పెద్దాయన మంచినీళ్లు ఇచ్చేదాకా నాకే తెలియలేదు.

తప్పు అమ్మది కాదు. చలిగాలి రాకుండా తలుపుల సందుల్లో, కిటికీల సందుల్లో పాత చీర ముక్కలు కుక్కింది నేనే. బొగ్గులు ఎర్రగా అయి పొగ తగ్గాక అమ్మ కుంపటిని లోపలికి తెచ్చుకుంది. "పొగ లేదు కదే" అని ఆ తర్వాత వారం రోజులు అదే మాట. ఆమె పుట్టిన పెంకుటింట్లో కుంపటి పెట్టుకునేవారు, నిజమే. పెంకుల మధ్యనుంచి గాలి ఆడుతూనే ఉండేది. మూసిన సిమెంటు గదిలో మండే బొగ్గునుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తర్వాత వాంతి, ఆపైన మత్తు. చలికి అలసిపోయామనుకుని పడుకుంటారు. పడుకున్నవాళ్లు లేవరు. ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఇదంతా నాకు ఓపికగా వివరించింది. చలిదేశాలకు వెళ్లే మనవాళ్లు ఈ ఒక్క పేరా గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు.

కుర్రవాడు గోనెసంచితో కుంపటిని పట్టుకుని డాబా మీదికి పరుగెత్తాడు. కిటికీలన్నీ తెరిచి, నిద్రమత్తులో ఉన్న బాబును భుజాన వేసుకుని కిందికి దిగాడు. అమ్మ మెట్ల మీదే వాంతి చేసుకుంది. అమ్మాజీ డెబ్బై ఏళ్ల వయసులో ఆమెను నడుము పట్టుకుని దింపారు. వీధి చివర ఈ-రిక్షా దొరికింది కానీ పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. కుర్రవాడు ఫోను దీపం పట్టుకుని ముందు నడుస్తుంటే రిక్షా ఆ వెలుగు వెనకాలే ఆసుపత్రి దాకా వెళ్లింది. రిక్షా అతను ఇరవై రూపాయలే తీసుకున్నాడట, పగలు తీసుకునేంతే. నేను చేరేసరికి రెండు దాటింది. అమ్మ ముక్కుకు ఆక్సిజన్ గొట్టం, వేలికి ఉంగరం.

ఒక సంగతి తర్వాత తెలిసింది. బలియా వైపు కుంపటిని 'బోర్సీ' అంటారట. వాడి నోట ముందు వచ్చింది అదే. కానీ 'సడక్'ను 'సరక్' అంటాడని కోచింగు క్లాసులో తోటివాళ్లు ఏడిపిస్తుండేవారు, అందుకని ఊరి మాటలు నగరంలో అనకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. ఆ కంగారులోనూ దాన్ని మింగేసి, నగరం మాట వెతుక్కుని "అంగీఠీ" అని అరిచాడు. బోర్సీ అని ఉంటే అమ్మకు అర్థమయ్యేది కాదు, నిజమే. కనీసం ఉంగరం అనైనా అనుకునేది కాదు! ఇది చెప్పుకుని వాడూ అమ్మా తర్వాత కడుపు పట్టుకుని నవ్వేవారు. నేను మాత్రం నవ్వలేకపోయేదాన్ని. తమ్ముడూ, నీ యాసను ఎవరికోసమూ మింగవద్దు. నీ ఫలితాలు ఎలా వచ్చినా మా ఇంట్లో నీకు ఒక కంచం ఎప్పుడూ ఉంటుంది.

వేసవి గురించి క్లుప్తంగా. మే చివర్లో "నౌతపా మొదలవుతుంది, తొమ్మిది రోజులు పిల్లవాణ్ని బయటికి పంపవద్దు" అని అమ్మాజీ హెచ్చరించారు. సూర్యుడు రోహిణి నక్షత్రంలోకి వచ్చే రోజులట. అమ్మ ఎగిరి గంతేసింది: "రోహిణి కార్తె! రోళ్లు పగిలే ఎండలు!" పన్నెండు వందల కిలోమీటర్ల అవతల కూడా అదే నక్షత్రం, అదే భయం. ఇద్దరూ కలిసి పచ్చిమామిడి పన్నా, మారేడు షర్బత్ చేసి మా అందరి చేతా తాగించారు. మన బంగినపల్లి అయిపోయాక జూన్‌లో మలీహాబాద్ దశహరీ వస్తుంది కాబట్టి ఏడాదికి రెండు మామిడి కాలాలున్నాయని మా బాబు కనిపెట్టాడు.

వాడిప్పుడు తెలుగులో కూడా "మేము అన్నం తిన్నాము, మేము పడుకుంటాము" అంటున్నాడు, ఒక్కడే ఉండి. వాళ్ల నాన్న సరిదిద్దుతున్నారు. నేను ఊరుకుంటున్నాను.

నిన్న సాయంత్రం అమ్మ అమ్మాజీకి ఫోను చేసింది. "పర్సోం మీరు కుట్టించిన రజాయీ ఉంది చూడండి ఆపా, దాన్ని మా అల్లుడు అటక మీద పెట్టమంటున్నాడు" అని ఫిర్యాదు. ఆ పర్సోం ఏడాదిన్నర కిందటిది. అమ్మాజీ క్యాలెండరు ప్రసక్తి తేలేదు. అల్లుడిదే తప్పన్నారు.