సభ కార్యదర్శి అయిన అమ్మాయికి

చి. అమ్మలుకు ఆశీస్సులు.

మీ ఊరి గాన సభకు నిన్ను కార్యదర్శిగా ఎన్నుకున్నారని అమ్మ చెప్పింది. సంతోషం. కాస్త లెక్కల వ్యవహారం, ఫోన్లో చెబితే నిలవదు, అందుకే రాస్తున్నాను.

సభలు పాడేవాళ్ళు లేక మూతపడటం తక్కువ. ఎక్కువగా దెబ్బ తీసేది జీవిత సభ్యత్వం. నవ్వకు, లెక్క చూడు. ఏడాది చందా 1,500 రూపాయలు, జీవిత సభ్యత్వం 10,000 అనుకుందాం. ఆ పదివేలు డిపాజిట్ చేస్తే 7 శాతం వడ్డీకి ఏడాదికి వచ్చేది 700. ఏటా పదిహేను వందలు ఇచ్చే మనిషిని మనమే ఏడు వందల మనిషిని చేసుకున్నాం. చాలాచోట్ల ఆ పదివేలు కూడా ఆ ఏటి ఉత్సవాల్లోనే కరిగిపోతాయి. పదేళ్ళు తిరిగేసరికి సభ్యుల జాబితా నిండుగా, ఖాతా ఖాళీగా ఉంటుంది, ఓటు మాత్రం అందరికీ ఉంటుంది. చందాకు సరిపడా వడ్డీ రావాలంటే అసలు 21,500 దాకా ఉండాలి. ధరలు పెరుగుతూనే ఉంటాయి గనక 30,000 పెట్టండి. దాని మీద వచ్చే 2,100లో అయిదో వంతు అసలులో కలిపేసి, మిగతాదే ఖర్చు పెట్టండి. ఖరీదని ఎవరైనా అంటే ఏడాది చందాలోనే ఉండమను, సభకు అదే మేలు.

ఈ డబ్బు రోజువారీ ఖాతాలో కలపొద్దు. శాశ్వత నిధికి ఇస్తున్నానని దాత చేత ఒక కాగితం రాయించుకో, రసీదు మీద కూడా ఆ మాట ఉండాలి. లేకపోతే అది ఆ ఏటి ఆదాయం కింద లెక్కకొస్తుంది, ఆడిటర్ ఏమీ చేయలేడు. విరాళం ఇచ్చినవాళ్ళకు ఆదాయపు పన్నులో మినహాయింపు ఇచ్చే 80జీ గుర్తింపు సభకు ఉన్నా, 2,000 దాటిన నగదు విరాళానికి దాతకు మినహాయింపు రాదు, కాబట్టి చెక్కో యూపీఐయో అడుగు. కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్ళకు ఆ మినహాయింపే లేదు. వాళ్ళ దగ్గర దాన్ని ఎరగా చూపించకు, తర్వాత మాట పడాలి.

అమెరికాలో ఉన్న మన ఊరివాళ్ళు డబ్బు పంపుతామంటారు. ముందు పాస్‌పోర్టు సంగతి అడుగు. భారత పాస్‌పోర్టు ఉంటే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని, చేతిలో ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్ళకు ఇచ్చేది) ఉంటే మాత్రం అది విదేశీ విరాళమే. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క రూపాయి తీసుకోకూడదు.

సర్వసభ్య సమావేశం అయిన 15 రోజుల్లో కొత్త కార్యవర్గం జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఇది రెండు రాష్ట్రాల్లోనూ తప్పదు. బద్ధకిస్తే బ్యాంకులో సంతకాలు మారవు, పాత కార్యదర్శి ఇంటి చుట్టూ చెక్కుబుక్కు పట్టుకుని తిరగాలి.

ఇక కచేరీల సంగతి. డిసెంబరు నడిమి నుంచి సంక్రాంతి దాకా పేరున్నవాళ్ళంతా చెన్నైలో ఉంటారు, ఆ రోజుల మీద ఆశ పెట్టుకోకు. నవరాత్రులకైతే ఆరు నెలల ముందే మాట్లాడుకోవాలి. పారితోషికం దగ్గర బేరం మొదలైతే కోత పడేది పక్కవాద్యాల మీదే, అది మంచి పద్ధతి కాదు. కళాకారులకు ఆకాశవాణి ఇచ్చే గ్రేడును బట్టి పట్టిక ఒకటి రాసి కార్యవర్గం చేత ఆమోదింపజేసుకుంటే నీకు మొహమాటాలుండవు. కచేరీ ముగిసిన రాత్రే, మనిషి మనిషికీ విడివిడిగా డబ్బు ముట్టాలి.

మృదంగ విద్వాంసుణ్ణి పిలిచేటప్పుడు తేదీతో పాటు పాడేవాళ్ళ శృతి, అంటే వాళ్ళు ఏ స్థాయిలో పాడతారో చెప్పు. అయిదు శృతిలో పాడే గాయనికి హెచ్చు శృతి మృదంగం, ఒకటో ఒకటిన్నరో పాడే గాయకుడికి తగ్గు శృతిది కావాలి. ఆయన ఒక్కటే తెచ్చుకుని వస్తే వేదిక మీద ఎంత బిగించినా లాభం ఉండదు. మృదంగం ఎడమవైపు రవ్వ ముద్ద పెట్టుకోవడానికి గిన్నెడు నీళ్ళూ తుడుచుకునే గుడ్డా సిద్ధంగా ఉంచు, కనీసం అరగంట ముందు వేదిక వాళ్ళకు అప్పగించు. ఏసీ గాలి సూటిగా వాద్యం మీద పడితే చర్మం బిగువు మారుతుంది, గంటకోసారి సుత్తి చప్పుడు వినాల్సి వస్తుంది. మైకువాడికి ఒక్కటే చెప్పు: తంబూరా గాయకులకు వినబడాలి, హాలంతా మోగనక్కర్లేదు. తని ఆవర్తనం, అంటే మృదంగం వాళ్ళు విడిగా వాయించే భాగం, ఎనిమిదింబావు లోపల వచ్చేలా కచేరీ ఆరింటికే మొదలుపెట్టండి. తని మొదలవగానే కాఫీకి లేచే జబ్బు ఎలాగూ ఉంది, చివరి బస్సు సాకు కూడా మనమే ఇవ్వడం దేనికి?

పిల్లల కార్యక్రమం విడిగా ఒక ఆదివారం పెడితే తమ పిల్ల పాడగానే తల్లిదండ్రులు వెళ్ళిపోతారు. దాని బదులు పెద్ద కచేరీకి ముందు 25 నిమిషాలు ఒక గురువు శిష్యులకు ఇవ్వండి, వచ్చే నెల ఇంకొకరికి. పాడిన పిల్లలను మొదటి వరుసలో కూర్చోబెట్టండి. త్యాగరాజ ఆరాధనకు పంచరత్నాల (ఆయన అయిదు పెద్ద కీర్తనల) సాధన రెండు నెలల ముందు మొదలుకావాలి. అందరూ కలిసి పాడే గోష్ఠిలో గందరగోళం వచ్చేది ఎక్కువగా పాఠాంతరాల వల్ల, అంటే ఒకే కీర్తనను ఒక్కో గురువు ఒక్కోలా నేర్పడం వల్ల. ఏ పాఠం పాడాలో మొదటి రోజే తేల్చి, స్వరసాహిత్యం ముద్రించి చేతికివ్వండి. వాటిలో 'జగదానందకారక' చరణాలు పది, వరస తప్పేది అక్కడే.

మాట మీద నడిచే ఆనవాయితీలను నమ్ముకోకు. త్యాగరాజు సమాధి ఉన్న తిరువయ్యారులో ఆయన ఆరాధన కూడా ఏళ్ళ తరబడి కక్షలుగా చీలి జరిగింది, ఆడవాళ్ళకు ఆ గోష్ఠిలో చోటు ఉండేది కాదు. గాయని బెంగుళూరు నాగరత్నమ్మ తన సొమ్ముతో ఆ సమాధికి గుడి కట్టించింది. అంతటితో ఊరుకోలేదు, ఆస్తిని ట్రస్టుకు రాస్తూ ఆడవాళ్ళ సేవకు అడ్డు ఉండకూడదని షరతు పెట్టింది. మీ నియమావళిలోనూ రెండు వాక్యాలు చేర్పించు: కార్యదర్శి పదవి వరసగా రెండు దఫాలకు మించకూడదు, శాశ్వత నిధి అసలు ముట్టాలంటే సర్వసభ్య సమావేశంలో మూడింట రెండు వంతుల ఓటు కావాలి. మొదటి నియమం నీకూ వర్తిస్తుంది. ఇప్పటి నుంచే ఒక కుర్రవాణ్ణి పక్కన పెట్టుకుని రసీదు పుస్తకం, మినిట్సు రాయడం నేర్పు.

పాత బ్యాలెన్స్ షీట్లు మూడేళ్ళవి స్కాన్ చేసి పంపు. జీవిత సభ్యుల డబ్బు ఎటు పోయిందో చూసి చెప్తాను.

ఆశీస్సులతో,
నాన్న