యాంటీవైరస్ సంగతి తరువాత, ముందు మెయిల్ సంగతి చూడు

ప్రియ మిత్రమా,

మీ అబ్బాయి డాలస్ నుంచి వచ్చినప్పుడు తన పాత ల్యాప్‌టాప్‌ను నీకు అప్పగించి వెళ్లాడనీ, ఇకమీదట బ్యాంకు పనులూ, కరెంటు బిల్లులూ, నీ కథల టైపింగూ ఇంట్లో కూర్చునే చేసుకోవాలని నిశ్చయించుకున్నావనీ తెలిసి చాలా సంతోషించాను. ఏ యాంటీవైరస్ కొనమంటావని అడిగావు. ఏదీ కొనవద్దు. విండోస్‌తో పాటే ఉచితంగా వచ్చే డిఫెండర్ ఇంటి వాడకానికి సరిపోతుంది. ఆ డబ్బుతో ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనుక్కో. అదెందుకో చివర చెబుతాను. నీ ప్రశ్నకు జవాబు ఇంతే గానీ, నువ్వు అడగని విషయాలు దీనికన్నా ముఖ్యమైనవి కాబట్టి ఉత్తరం కాస్త పొడుగవుతుంది. ఓపికగా చదువు.

ముందుగా ఆ ల్యాప్‌టాప్‌లో ఏ విండోస్ ఉందో చూడు. సెట్టింగ్స్‌లో సిస్టమ్ అనే భాగానికి వెళ్లి, అడుగున ఉండే అబౌట్ మీద నొక్కితే తెలుస్తుంది. పాత యంత్రం అంటున్నావు కనుక అది విండోస్ 10 అయి ఉండే అవకాశం ఎక్కువ. దానికి మైక్రోసాఫ్ట్ ఇచ్చే ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసిపోయింది. ఇళ్లలో వాడుకునేవారు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా భద్రతా అప్‌డేట్లు వచ్చే ఏర్పాటు ఒకటి పెట్టారు. విండోస్ 11 ఎక్కాలంటే యంత్రంలో టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు ఉండాలి. ఇంటెల్ ప్రాసెసర్ అయితే సాధారణంగా ఎనిమిదో తరానిదో, ఆ తరువాతదో కావాలి. నీ ల్యాప్‌టాప్ దానికి తగకపోతే పారేయనక్కరలేదు. విండోస్‌కు బదులు పనిచేసే లినక్స్ మింట్ వంటిది ఉచితంగా ఎక్కించుకుంటే బ్రౌజరుకూ, టైపింగుకూ ఏ లోటూ ఉండదు. అబ్బాయిని వీడియో కాల్‌లో కూర్చోబెట్టి ఆ పని చేయించుకో.

అప్‌డేట్లంటే మనవాళ్లకు విసుగు. సరిగ్గా పని మొదలుపెట్టబోయే వేళకే రీస్టార్ట్ చేయమంటుందని దాన్ని శాశ్వతంగా ఆపేసేవారిని చాలామందిని చూశాను. 2017 మే 12న వాన్నాక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకి, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన సంగతి నీకు గుర్తుండే ఉంటుంది. బ్రిటన్‌లో ఆసుపత్రుల పనులు స్తంభించాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలోనూ కొన్ని దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ అదే ఏడాది మార్చి 14న, అంటే దాదాపు రెండు నెలల ముందే విడుదల చేసింది. కాబట్టి రాత్రి పడుకునే ముందు అప్‌డేట్‌కు అనుమతి ఇచ్చి, చార్జర్ తగిలించి వదిలెయ్యి, తెల్లారేసరికి అయిపోతుంది.

మరొక మాట. మీ ఊరి డీటీపీ కుర్రవాడు పేజ్‌మేకర్ గానీ, ఎమ్మెస్ ఆఫీసు గానీ క్రాక్ చేసినది, అంటే లైసెన్సు లేని దొంగ కాపీ, ఉచితంగా వేసి పెడతానంటే మొహమాటపడకుండా వద్దను. ఆ క్రాక్ ఫైలుతో పాటు వచ్చే సూచనల్లో మొదటి వాక్యమే సాధారణంగా ‘ముందు యాంటీవైరస్ ఆపండి’ అని ఉంటుంది. కావలివాడిని బయటికి పంపితే గానీ లోపలికి రాననే అతిథి ఎటువంటివాడో నీకు నేను చెప్పనక్కరలేదు. ఉత్తరాలకూ, లెక్కలకూ లిబ్రెఆఫీస్ ఉంది. ఉచితం, చట్టబద్ధం, తెలుగు చక్కగా వస్తుంది.

ఇక అసలు విషయానికి వస్తాను. కంప్యూటర్ భద్రత కోసం నువ్వు ఒక్క సాయంత్రం మాత్రమే కేటాయించగలిగితే, ఆ సాయంత్రమంతా నీ జీమెయిల్ ఖాతా మీదే పెట్టమంటాను. ఎందుకంటే, నువ్వు ఎక్కడ పాస్‌వర్డ్ మరిచిపోయినా కొత్తది పెట్టుకునే లింకు ఎక్కువగా ఆ మెయిల్‌కే వస్తుంది. రైలు టిక్కెట్ల ఖాతా, ఫేస్‌బుక్, షాపింగ్ సైట్లు, ఫోటోలు, ఫోనులోని కాంటాక్టులు అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. మెయిల్ చేజిక్కినవాడు మిగతావాటిని ఒక్కొక్కటిగా, నీ పాస్‌వర్డ్‌లేవీ తెలియకుండానే, రీసెట్ చేసుకుంటూ పోగలడు. ల్యాప్‌టాప్ దొంగతనం పోతే పోయేది ఒక యంత్రం మాత్రమే.

మెయిల్‌కు పెట్టే పాస్‌వర్డ్ మరెక్కడా వాడనిదై ఉండాలి. పేరూ పుట్టిన సంవత్సరమూ కలిపి పెట్టే అలవాటు ఉంటే వెంటనే మానుకో. ఉపాధ్యాయుల సీనియారిటీ జాబితాలో నీ పుట్టిన తేదీ ఎవరికైనా దొరుకుతుంది. అర్థరహితమైన అక్షరాలూ, గుర్తులూ బట్టీ పట్టడం మన వయసులో కష్టం కనుక, ఒకదానితో ఒకటి పొంతన లేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో వరసగా రాసుకో: ఇస్త్రీపెట్టె, చింతగుత్తి, పడవరేవు, కందిపచ్చడి అన్నట్టుగా. పొడవే దాని బలం. సామెతలూ, పద్యపాదాలూ, సినిమా పాటల పల్లవులూ మాత్రం పనికిరావు, అవి అందరికీ తెలిసినవే. పాస్‌వర్డ్‌లను నోటుబుక్కులో రాసుకోవడం మహాపాపమని కొందరు అంటారు గానీ, నేను ఒప్పుకోను. ఎక్కడో దూరాన కూర్చున్న మోసగాడు మీ ఇంటి బీరువా తెరవలేడు. బీరువాలో పెట్టు, కంప్యూటర్ తెర అంచుకు చీటీగా మాత్రం అంటించవద్దు.

తరువాత అదే ఖాతాలో టూ-స్టెప్ వెరిఫికేషన్‌ను ఆన్ చెయ్యి. పాస్‌వర్డ్ తెలిసినవాడు కూడా నీ ఫోను చేతిలో లేనిదే లోపలికి రాలేకుండా చేసేది అదే. అక్కడే బ్యాకప్ కోడ్లని పది సంఖ్యలు ఇస్తారు, ఒక్కొక్కటి ఎనిమిది అంకెలది. వాటిని ప్రింటు తీసి పింఛను పుస్తకంతో పాటు దాచు. ఫోను పోయిన రోజున అవే దిక్కు. రికవరీ నంబరుగా, అంటే ఖాతా తిరిగి తెరుచుకోవడానికి కోడ్ వచ్చే ఫోను నంబరుగా, ఏది ఉందో కూడా చూడు. పాత నంబర్లను రీచార్జి చేయకుండా వదిలేసినవారి ఖాతాల్లో ఇంకా ఆ నంబరే ఉంటుంది. రద్దయిన నంబరును కంపెనీలు 90 రోజులు గడిచాక మరొకరికి ఇచ్చేయవచ్చు. అప్పుడు నీ ఓటీపీలు ఆ కొత్త మనిషికి వెళతాయి. బ్యాంకులో ఇచ్చిన నంబరు విషయంలోనూ ఇదే జాగ్రత్త పడు.

ఇంట్లో కంప్యూటర్ వచ్చింది కాబట్టి ఇక జిరాక్సు షాపుకు వెళ్లే పని తగ్గుతుంది. ఇది నేను నీకొచ్చిన లాభాలన్నిటిలోనూ పెద్దదిగా లెక్కవేస్తాను. ఏ ఊరి బస్టాండు దగ్గరి షాపులోనైనా ఆ కంప్యూటర్ డౌన్‌లోడ్స్ ఫోల్డరును ఒకసారి గమనించు: అంతకు ముందు వచ్చినవారి ఆధార్ కార్డులు, పాన్ కార్డులు, పాస్‌బుక్కు మొదటి పేజీలు వరసగా కనిపిస్తాయి. డౌన్‌లోడ్ చేసిన ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటావేమో. అది పేరులోని మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలూ, పుట్టిన సంవత్సరమూ కలిపినది. నిన్ను ఎరిగిన ఎవరికైనా ఊహించడం తేలిక. ఎక్కడైనా ఇవ్వవలసి వస్తే, మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకుని ఇవ్వు. ప్రింటు కోసం వాట్సాప్ వెబ్‌ను ఆ షాపు కంప్యూటర్‌లో తెరిచి ఉంటే, నీ ఫోనులో లింక్డ్ డివైసెస్ అనే చోట చూసి, తెలియనిదేదైనా ఉంటే లాగౌట్ కొట్టు.

భూముల దస్తావేజుల మీది వేలిముద్రలకు నకళ్లు తయారుచేసి, ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతిలో ఖాతాలు ఖాళీ చేసిన ముఠాలు పట్టుబడ్డాయి. మీ పొలం రిజిస్ట్రేషన్ కాగితాలు ఉన్నాయి కాబట్టి, ఆధార్ వారి యాప్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్రకు తాళం, పెట్టుకో. లైఫ్ సర్టిఫికెట్‌కు వేలిముద్ర వేయవలసిన రోజున తాత్కాలికంగా తెరుచుకోవచ్చు.

బ్రౌజరు విషయంలో ఒక చిన్న చిక్కు నీకు తప్పకుండా ఎదురవుతుంది కనుక ముందే చెబుతున్నాను. ఏదో వార్తల సైటు తెరవగానే ‘నోటిఫికేషన్లు పంపమంటారా’ అని అడిగే పెట్టె వస్తుంది. తెలియక అలౌ నొక్కితే, మరునాటి నుంచి తెర కుడి పక్క మూలన ‘మీ కంప్యూటర్‌లో అయిదు వైరస్‌లున్నాయి’ అనే హెచ్చరికలు మొదలవుతాయి. అది వైరస్ కాదు, నువ్విచ్చిన అనుమతి. బ్రౌజరు సెట్టింగ్స్‌లోని నోటిఫికేషన్ల జాబితాలో ఆ సైటును తొలగిస్తే పోతుంది. ఒక్కోసారి తెరంతా ఎర్రగా నిండి, గట్టిగా సైరన్ మోగుతూ, మైక్రోసాఫ్ట్ వారి ఫోను నంబరంటూ ఒకటి కనిపిస్తుంది. మైక్రోసాఫ్ట్ హెచ్చరికల్లో ఎన్నడూ ఫోను నంబరు ఉండదు. ఆల్ట్, ఎఫ్4 కీలను కలిపి నొక్కు. మూసుకోకపోతే పవర్ బటన్ పట్టుకుని ఆపేసెయ్యి. నష్టమేమీ లేదు.

బ్యాంకు పేరుతో వచ్చే లింకులను ఎంత చక్కని తెలుగులో రాసినా నొక్కవద్దు. రిజర్వు బ్యాంకు ఆదేశంతో మన దేశంలోని బ్యాంకులు 2025 అక్టోబరు 31 గడువుగా తమ సైట్ల చిరునామాలను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ముగింపుకు మార్చుకోవలసి వచ్చింది. నీ బ్యాంకు చిరునామాను పాస్‌బుక్కు చూసో, బ్రాంచిలో అడిగో ఒకసారి సరిగ్గా టైపు చేసి, బుక్‌మార్క్ పెట్టుకుని, ఎప్పుడూ దాని నుంచే వెళ్లు. కస్టమర్ కేర్ నంబరు కోసం గూగుల్‌లో వెతకవద్దు, అక్కడ దొంగ నంబర్లు చాలా ఉంటాయి. ఏటీఎం కార్డు వెనకాల ముద్రించి ఉన్న నంబరుకే చెయ్యి. సాయం చేస్తానంటూ ఎనీడెస్క్ వంటి యాప్ వేయమంటే, నీ తెరను అవతలి మనిషి చేతిలో పెట్టడమే అవుతుంది; రిజర్వు బ్యాంకు 2019లోనే దీని గురించి బ్యాంకులను హెచ్చరించింది. ఫోనుకు పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో పేరు పెట్టి వచ్చే ఫైలు చివర ఏపీకే అని ఉంటే, అది ఫోనులో యాప్‌ను ఎక్కించే ఫైలు; పంపినవాడు మన బంధువైనా తెరవకు, అతని ఫోను అప్పటికే మోసగాళ్ల చేతిలో ఉండి ఉంటుంది.

యూనిఫాం వేసుకుని వీడియో కాల్‌లో కనిపించి, నీ పేరున మత్తుమందుల పార్సిల్ పట్టుబడిందనీ, నిన్ను డిజిటల్ అరెస్టు చేశామనీ, ఎవరికీ చెప్పకుండా గదిలోనే ఉండమనీ బెదిరించేవారి గురించి పత్రికల్లో చదివే ఉంటావు. అటువంటి అరెస్టు మన చట్టంలో ఎక్కడా లేదు. ప్రధానమంత్రి 2024 అక్టోబరు 27 నాటి మన్ కీ బాత్‌లో ఇదే మాట చెప్పారు. వీరికి విశ్రాంత ఉద్యోగులంటే మహా ఇష్టం, ఎందుకంటే మన దగ్గర గ్రాట్యుటీ డబ్బూ ఉంటుంది, ప్రభుత్వ కాగితమంటే భయమూ ఉంటుంది. ఫోను పెట్టేసి చెల్లెమ్మకు చెప్పు. ‘ఎవరికీ చెప్పవద్దు’ అన్న క్షణంలోనే అది మోసమని తేలిపోయినట్టు.

ఇంత చేసినా డబ్బు పోతే, సిగ్గుపడి ఆలోచిస్తూ కూర్చోక వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చెయ్యి. డబ్బు మరొక ఖాతాలోకి జారిపోకముందే ఆపించే అవకాశం మొదటి గంటల్లోనే ఎక్కువ. ఆ పిమ్మట సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టి, బ్యాంకుకు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకో. తప్పు ఖాతాదారుది గానీ బ్యాంకుది గానీ కానప్పుడు, మూడు పనిదినాల్లోగా తెలియజేస్తే ఖాతాదారుకు నష్టం ఉండకూడదని రిజర్వు బ్యాంకు 2017 జూలై ఉత్తర్వులో చెప్పింది. ఓటీపీ మనమే చెప్పి ఉంటే మాత్రం, ఆ ఉత్తర్వు ప్రకారం ఫిర్యాదు చేసేలోపు పోయినది మన నెత్తినే పడేది.

చివరగా హార్డ్ డిస్క్. నీ కథలూ, మనవరాలి ఫోటోలూ నెలకొకసారి దానిలోకి కాపీ చేసి, వెంటనే వైరు పీకి బీరువాలో పెట్టెయ్యి. ఎప్పుడూ తగిలించి ఉంచితే, ఫైళ్లకు తాళం వేసే వైరస్ దానికీ తాళం వేస్తుంది. కథల వరకు గూగుల్ డ్రైవ్‌లో మరొక ప్రతి ఉంచు. ఇల్లు కాలినా, వరద వచ్చినా అది మిగులుతుంది. డీటీపీ షాపులో అను ఫాంట్లతో కొట్టించిన నీ పాత కథలు మరొక యంత్రంలో తెరిస్తే పిచ్చి అక్షరాలుగా కనిపిస్తాయి, కంగారు పడకు, ఫైలు పాడవలేదు. వాటిని ఏ యంత్రంలోనైనా సరిగ్గా కనిపించే యూనికోడ్‌లోకి మార్చుకోవచ్చు; అంతదాకా ప్రతి కథకూ ఒక పీడీఎఫ్ కూడా చేయించి దగ్గర పెట్టుకో. ఇకమీదట రాసేవి నేరుగా యూనికోడ్‌లోనే రాయి: విండోస్ భాషల సెట్టింగ్స్‌లో తెలుగు చేర్చుకుంటే, విండోస్ కీ పట్టుకుని స్పేస్ బార్ నొక్కగానే తెలుగూ ఇంగ్లీషూ మారుతుంటాయి. పాత కథల్లో ఒకటి నాకు మెయిల్‌లో పంపు. మార్చి, ఒత్తులూ అరసున్నలూ ఎక్కడ చెదిరాయో గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.

చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ మిత్రుడు