చిన్న కాలేజీ కుర్రాళ్ల జాబితా

చి. చైతన్యకు,

నాన్న ఆశీస్సులు. మీ కోచ్ ఆఫీసులో నీకు కొత్త పని అప్పజెప్పారని అమ్మ చెప్పింది. మీ కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకి, చిన్న కాలేజీల నుంచి మారాలనుకుంటున్న కుర్రాళ్ల వీడియోలు చూసి ఎవరిని తెచ్చుకోవచ్చో జాబితా రాయాలట కదా. ఫోన్‌లో మొదలెడితే "నీకు తెలీదులే నాన్నా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. నేను దగ్గర్నుంచి చూసిన జట్టు ఒక్కటే అనుకో, కానీ ఈ విషయంలో అదొక్కటి చాలు.

నీ చిన్నప్పుడు ఇండియానా యూనివర్సిటీ మ్యాచ్‌లకి బ్లూమింగ్టన్ వెళ్లేవాళ్లం, గుర్తుందా? జనం స్టేడియం బయట కార్ల దగ్గరే తింటూ తాగుతూ ఉండిపోయేవాళ్లు. లోపలికొచ్చినవాళ్లలోనూ సగం మంది హాఫ్‌టైమ్‌కే లేచిపోయేవాళ్లు. పెద్ద కాలేజీ జట్లలో అందరికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఓడిన జట్టని అప్పట్లో దానికి పేరు. 2023లో పన్నెండు ఆడితే గెలిచింది మూడు. ఆ నవంబరు చివర్లో కర్ట్ సిగ్నెట్టిని కోచ్‌గా తెచ్చారు. అప్పటికే ఆయనకి 62 ఏళ్లు. అలబామాలో పేరుమోసిన కోచ్ నిక్ సాబన్ దగ్గర ఉన్న ఉద్యోగం వదిలేసి, 2011లో పెన్సిల్వేనియాలో ఓ చిన్న కాలేజీకి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయిన మనిషి. అక్కణ్ణుంచి ఈలాన్ కాలేజీ, ఆ తర్వాత జేమ్స్ మాడిసన్ కాలేజీ.

బ్లూమింగ్టన్‌కి వస్తూ జేమ్స్ మాడిసన్ నుంచి 13 మందిని వెంటబెట్టుకొచ్చాడు. 2024లో ఇండియానా వరసగా పది గెలిచింది, మొత్తం 11 గెలిచి 2 ఓడి, దేశ ఛాంపియన్‌ని తేల్చే ప్లేఆఫ్‌కి వెళ్లింది. ఆ మరుసటి సీజన్ నీకు చెప్పక్కర్లేదు: 16 ఆడి 16 గెలిచి, ఫైనల్లో మయామీని 27-21తో ఓడించి ఛాంపియన్లయ్యారు.

ఇది చూసి అందరూ "చిన్న కాలేజీ కుర్రాళ్లకి కసి ఎక్కువ" అంటున్నారు. నాకీ మాట నచ్చదు. కసి లేని ఇరవయ్యేళ్ల కుర్రాడు ఎక్కడుంటాడురా? అసలు విషయం ఏంటంటే, ఆ 13 మందికీ ఆ కోచ్ పద్ధతి అప్పటికే ఒంటబట్టింది. ప్రాక్టీస్ ఎలా నడుస్తుందో, ఏ సైగకి ఎటు కదలాలో కొత్తగా నేర్పక్కర్లేదు. పైగా మిగతావాళ్లకి వాళ్లే నేర్పారు. మొక్కని వేరు మట్టితో సహా తెచ్చి నాటినట్టన్నమాట. మీ కోచ్‌కి అలా వెంట వచ్చేవాళ్లు లేకపోతే, తలా ఒక కాలేజీ నుంచి పది మందిని తెచ్చినా అదే ఫలితం వస్తుందనుకోకు.

రెండోది, ముందు ముందు ఏం చేస్తాడో అని ఊహించడం కంటే, ఇప్పటిదాకా మైదానంలో ఏం చేశాడో చూడాలన్నది సిగ్నెట్టి లెక్క. ఎలైజా సారట్‌ని తీసుకో. మొదట సెయింట్ ఫ్రాన్సిస్ అని పెన్సిల్వేనియాలో చిన్న కాలేజీ. తర్వాత జేమ్స్ మాడిసన్, అక్కణ్ణుంచి ఇండియానా. అడుగుపెట్టిన ప్రతి చోటా బంతి పట్టాడు. 2025 డిసెంబరులో, ఇండియానా ఆడే బిగ్ టెన్ లీగ్ ఫైనల్లో ఒహాయో స్టేట్ మీద 13-10తో గెలిచారు కదా, అందులో ఇండియానాకి వచ్చిన ఒకే ఒక్క టచ్‌డౌన్ (బంతితో చివరి గీత దాటడం) అతనిదే. 1967 తర్వాత మళ్లీ బిగ్ టెన్ టైటిల్ అదే. డి'ఏంజెలో పాండ్స్ అయితే, అవతలివాళ్ల పాస్‌లు అడ్డుకునే కార్నర్‌బ్యాక్‌ల లెక్కన పొట్టి, అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. ప్లేఆఫ్ సెమీఫైనల్ పీచ్ బౌల్‌లో ఆరెగాన్ విసిరిన మొదటి బంతికే అడ్డం దూరి, లాక్కుని, గీత దాటేశాడు. మీ అమ్మ అప్పటికింకా టీ కప్పులు తీసుకుని హాల్లోకి రానేలేదు. ఎత్తూ బరువూ ఉన్న గడులు చూసి జాబితా రాసేవాడెవడూ అతని పేరు పైన పెట్టడు.

కొలరాడోని కూడా చూడు. అక్కడికి కోచ్‌గా వెళ్లిన డియాన్ శాండర్స్ 2023 సీజన్‌కి, తను అంతకుముందు కోచ్‌గా ఉన్న జాక్సన్ స్టేట్ నుంచి కొడుకు షెడ్యూర్‌నీ, ట్రావిస్ హంటర్‌నీ తెచ్చుకున్నాడు. ఇద్దరూ మెరికలే. కానీ ముందు నిలబడి కాచే లైన్‌మెన్ సరైనవాళ్లు లేక ఆ సీజన్‌లో బంతి విసిరే షెడ్యూర్‌ని 52 సార్లు కింద పడేశారు. 4 గెలిచి 8 ఓడారు. కాబట్టి లైన్‌మెన్ వీడియోలు ముందు చూడు. అవి బోరు కొడతాయి, తెలుసు. అయినా చూడు.

ఇంకో వైపు కూడా ఉంది. తమ 13 మంది వెళ్లిపోయాక జేమ్స్ మాడిసన్ వాళ్లు ఏడుస్తూ కూర్చోలేదు. హోలీ క్రాస్ నుంచి బాబ్ చెస్నీని తెచ్చుకుని, 2025లో వాళ్లూ ప్లేఆఫ్‌కి వెళ్లారు. ఆ సీజన్ తర్వాత ఆయన్ని యూసీఎల్‌ఏ ఎగరేసుకుపోయింది. సెయింట్ ఫ్రాన్సిస్‌కి మాత్రం ఆ ఓపిక లేకపోయింది, కింది స్థాయికి, డివిజన్ త్రీకి దిగిపోతామని ప్రకటించేసింది. వాళ్ల కారణాలు వాళ్లకుంటాయి. కానీ నువ్వు ఏ కుర్రాడి పేరు పక్కన టిక్కు పెట్టినా, అవతల అతన్ని రెండేళ్లు తీర్చిదిద్దిన కోచ్ ఒకడుంటాడు. కాలేజీ మారాలనుకునేవాళ్ల పేర్లుండే ట్రాన్స్‌ఫర్ పోర్టల్‌లో కుర్రాడి పేరు కనబడ్డాక, ఆ కోచ్‌కి ఫోన్ చేసే వీలుంటే మీ పైవాళ్లతో చేయించు. ఆ కుర్రాడు ఓడిన సోమవారం ప్రాక్టీస్‌కి ఎలా వచ్చేవాడో ఏ వీడియోలోనూ కనబడదు, ఆయనే చెప్పాలి.

మీ జట్టులోనూ 105 మందికే చోటంటున్నావు. కొత్తవాడు రావాలంటే ఉన్నవాడు లేవాలి. ఆ కబురు ఎవరు చెప్తారో నాకు తెలీదు, నీ పని కాకపోవచ్చు. కానీ ఆ కుర్రాళ్లతో రోజూ మెస్‌లో కలిసి తింటున్నావు కదా. కబురు అందిన సాయంత్రం వాళ్ల బల్ల దగ్గరికే వెళ్లి కూర్చో, తప్పించుకుని వేరే బల్లకి పోకు.

అమ్మ ఆవకాయ పంపిస్తోంది, మూత గట్టిగా బిగించమని నేనే చెప్పాను. జాబితా అయ్యాక నీకు బాగా నచ్చిన లైన్‌మన్ ఎవరో రాయి, నేనూ అతని వీడియోలు చూస్తాను.

మీ నాన్న