బీమా జాబితా కాదు, కోత రోజు తూకం చూడండి

సంపాదకులకు,

ఏటా పంటల బీమా జాబితా వచ్చాక ఊళ్లలో ఒకటే మాట: "సగం పంట పోతే కాగితంలో బాగానే పండిందని ఎలా రాశారు?" అప్పటికి మడి దున్నేసి ఉంటుంది. ఆ ప్రశ్న కోత రోజున గట్టు మీద నిలబడి అడగాల్సింది.

సాగు విస్తీర్ణం అడంగల్, ఈ-క్రాప్ నమోదుల్లో దొరుకుతుంది. పరిహారం తేల్చే దిగుబడి మాత్రం కోసి తూస్తేగాని తెలియదు. కేంద్ర పథకమైన ఫసల్ బీమాలో నష్టం లెక్కకు గ్రామమే యూనిట్ అయితే ప్రధాన పంటకు కనీసం 4 పంటకోత ప్రయోగాలు (మడిలో కొంత చోటు కొలిచి, కోసి తూచడం) చేయాలి. సర్వే నంబరు, మడి, మడిలో చోటు మూడూ ఎవరి ఇష్టంతోనూ పనిలేకుండా, చీటీ తీసినట్టు వచ్చే ర్యాండమ్ నంబర్లతోనే తేలాలి. మడి నైరుతి మూల నుంచి పొడవు, వెడల్పు అంగల్లో కొలుస్తారు. గడి (కోసి తూచే చదరం) మడి దాటిపోకుండా ఒక్కోదాంట్లో 7 అంగలు తీసేసి, మిగిలినదానికి మించని నంబరు ఎంచుకుంటారు. అక్కడ మేకు కొట్టి 5 మీటర్ల చదరం కడతారు. మూల నుంచి ఎదురు మూలకు 7.07 మీటర్లు రావాలి. రాలేదంటే, వైపులన్నీ 5 మీటర్లే ఉన్నా గడి వాలినట్టే, వైశాల్యం తగ్గినట్టే.

అసలు గొడవ గడి చుట్టూ కట్టిన పురికొస దగ్గర. మొదలు లోపలున్న కుదురునే కోయాలి. వెన్ను లోపలికి వాలిందని బయటి కుదురు కోస్తే తూకం పెరుగుతుంది. 20×15 సెంటీమీటర్ల ఎడంతో నాటిన వరిలో ఒక గడికి దాదాపు 830 కుదుళ్లు వస్తాయి. గడికి 15 కిలోలు పండితే కుదురుకు 18 గ్రాములు. హద్దు చుట్టూ ఓ 55 కుదుళ్లు అదనంగా పడితే కిలో పెరిగినట్టే. గడిలో కిలో అంటే హెక్టారుకు 400 కిలోలు, ఎకరాకు రెండు 75 కిలోల బస్తాల పైమాటే. గడి చిన్నదయ్యేకొద్దీ ఈ హద్దు తప్పు పెద్దదవుతుందని గణాంక శాస్త్రవేత్త పి.వి. సుఖాత్మే 1940ల్లోనే చూపించారు.

దీని దెబ్బ బీమా మీద ఎంతో చూడండి. గత 7 ఏళ్లలో మెరుగైన 5 ఏళ్ల సగటును 70, 80 లేదా 90 శాతంతో గుణిస్తే హామీ దిగుబడి. అది గడికి 14 కిలోలతో సమానమనుకుందాం. నిజంగా సగటున పండింది 12 కిలోలైతే బీమా మొత్తంలో 14.3 శాతం పరిహారం రావాలి. 13 అని రాస్తే 7.1 శాతమే. కిలో తేడాకు సగం ఎగిరిపోయింది!

తేమ ఇంకో చిక్కు. 24 శాతం తేమతో తూగిన 15 కిలోల ధాన్యం, కొనుగోలు కేంద్రం ఒప్పుకునే 17 శాతానికి ఆరితే 13.7 కిలోలే. తడి తూకమే దిగుబడిగా నిలిచిపోతే అక్కడే ఎకరాకు రెండున్నర బస్తాలకు పైగా ఎక్కువ రాసినట్టు.

కోత యంత్రం ముందే దిగితే ఎంపికైన మడి చేజారుతుంది. అప్పుడు బదులుగా తీసి ఉంచిన రిజర్వు నంబరు వదిలేసి రోడ్డు పక్క మడి కోస్తే ర్యాండమ్ నంబర్లు తీసీ దండగే. కనుక ఎంపికైన సర్వే నంబర్లు, కోత తేదీ ముందురోజే రైతు సేవా కేంద్రం బోర్డు మీద రాయాలి. తూకం, తేమ శాతం రెండూ గట్టు మీదే రాసి రైతు చేత సంతకం పెట్టించాలి.

– ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా